టార్చి పట్టుకున్నవాడు

టప్‌మని ఒక్క శబ్దం.
ఓవెన్ అద్దం వెనక నీలి మెరుపు,
ఆ తర్వాత చీకట్లో మాంసం బురెక్
సగం కాలి, సగం తెల్లబోయి.

హైరియా అత్త ఎవరినీ తిట్టలేదు.
వేడి పళ్లెం గుడ్డతో పట్టి నా చేతుల్లో పెట్టి
"కింద స్లావిత్సా ఇంట్లో కాల్చుకు రా" అంది.
నేను మెట్లెక్కి వచ్చేసరికి పళ్లెంలో ఓ మూల ఖాళీ.
స్లావిత్సాగారి కరెంటు అద్దె అట.

మెకానిక్ వచ్చే గురువారం వస్తానన్నాడు.
అతను చెప్పిన ధర విని
అత్త ఫోన్లోనే నవ్వేసి పెట్టేసింది.

మెయిన్ ఆపింది.
నవంబరులో మా జెనిత్సాకి
నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది.
టార్చి పట్టుకోవడం నా పని.
లోకంలో అంత కష్టమైన ఉద్యోగం లేదు:
వెలుగు ఎక్కడ కావాలో చెప్పరు,
ఎక్కడ లేదో మాత్రం చెబుతారు.
"అక్కడ కాదు. ఇటు. నా కళ్లలోకి కాదురా, నెర్మిన్!"
తల లోపల దూర్చి మాట్లాడుతుంటే
ఆవిడ గొంతు
రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టుంది.

వెనక గోడకి రెండు స్క్రూలు.
ఒకటి మర్యాదగా వచ్చింది.
రెండోది పదేళ్ల నెయ్యీ నూనే తాగి బలిసి
మొండికేసింది.
కాస్త వెనిగర్, కాస్త గొణుగుడు,
ఆఖరికి నా ముందు అనకూడని ఒక బోస్నియా తిట్టు.
ఆ మూడోదానికి లొంగింది.

"ఇప్పుడు చూడు, మెల్లగా లాగాలి.
వదిలేశావో, తీగలు కన్నంలోకి పారిపోతాయి
ఎలక తోకల్లా. ఇక గోడ పగలగొట్టుకోవాలి."
చెరో తీగకీ చెరో బట్టల క్లిప్పు తగిలించింది.
పసుపూ ఆకుపచ్చా చారల తీగకి మాత్రం
ఏ క్లిప్పూ పెట్టలేదు.
అది ఎర్త్, బోల్టుతో బిగించి ఉంది.
"భూమి ఎక్కడికి పోతుందిరా?"

బయటికొచ్చింది చుట్ట.
వంపు దగ్గర చిన్న పొక్కు, పొక్కులో సన్నటి చీలిక.
పాత మీటరు రెండు మొనలూ ఆనించింది.
ముల్లు కదల్లేదు.
"నాడి లేదు" అంది,
చొక్కా జేబులో స్క్రూలు వేసుకుంటూ.

ఆ చేతుల్ని అప్పుడు చూశాను, నా వెలుగులోనే.
ఇరవై రెండేళ్లు ఉక్కు ఫ్యాక్టరీలో
క్రేను గదిలో కూర్చుని
కరిగిన ఇనప తొట్టిని జనం తలల మీదుగా
బొట్టు తొణక్కుండా మోసిన చేతులు.
"ఆ కొలిమి ఆగిపోయినప్పుడు
నువ్వే బాగుచెయ్యాల్సింది కదా" అన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
"దాన్ని ఆర్పినవాళ్లు స్క్రూలు కూడా అమ్ముకున్నారు"
అని, "టార్చి కిందికి" అంది.

మర్నాడు బస్టాండు పక్క కొట్లో
చచ్చిన చుట్టని బల్లమీద పెట్టింది.
కొట్టువాడు కళ్లద్దాలు నుదుటికి ఎత్తి,
దానికి కవలపిల్లలాంటిదాన్ని వార్తాపత్రికలో చుట్టి ఇస్తూ
"బిగించడానికి ఇంట్లో మగమనిషున్నాడా?" అన్నాడు.
"ఉన్నాడు," నన్ను చూపించింది.
"టార్చి పట్టుకుంటాడు."

మళ్లీ చీకటి, మళ్లీ నేను, మళ్లీ అక్కడ కాదు ఇటు.
క్లిప్పులు తీసింది, తీగలు తొడిగింది,
ఒకసారి లాగి చూసింది, ఇంకోసారి లాగి చూసింది.
ఆ మొండి స్క్రూని మాత్రం
పగ తీర్చుకుంటున్నట్టు
పిడికిలి తెల్లబడేదాకా తిప్పింది.

మెయిన్ వేసింది.
మొదట ఏమీ లేదు.
తర్వాత పొగ, కొత్త లోహం మీది నూనె కంపు.
నేను భయపడ్డాను, ఆవిడ కిటికీ తెరిచింది.
"మొదటి అరగంటా ఇంతే. కొత్తది కదా, చెమటోడుస్తోంది."

వంటగది దీపం ఆర్పేసింది.
నలుపులోంచి చుట్ట
ముందు ఎండు మిరపకాయ రంగు,
ఆపైన పండు మిరప రంగు.
అత్త స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది.
మెడ కాస్త ముందుకి వంచి, కళ్లు కిందికి,
చాలా ఎత్తునుంచి చూస్తున్నట్టు.
కుడిచెయ్యి ఒళ్లో ఏదో పిడిని పట్టుకుని ఉంది.
అక్కడ పిడేమీ లేదు.

ఎంతసేపో తెలీదు.
నేనూ కదల్లేదు.

"ఇంకా ఎందుకురా పట్టుకున్నావు,"
తల తిప్పకుండానే అంది,
"ఆర్పెయ్. బ్యాటరీలు దండగ."